ఒక్క సంచితో మహానంది



యాత్రకు బయలుదేరు దినమున ఇంటిలో అందఱికంటె ముందు లేచునది గృహిణి. అందఱికంటె వెనుక గడప దాటునదియు గృహిణియే. ఈ రెంటికిని నడుమ ఆమె చేయు పని సామాను సర్దుట. భర్తగారి పంచెలు, పిల్లల చొక్కాలు, అత్తగారి మందులు, మామగారి జపమాల, దారిలో ఆకలికి చిరుతిండి, చలికి దుప్పటి, వానకు గొడుగు, “ఏమో, కావలసివచ్చునేమో” యను భయమునకు మఱి రెండు మూటలు. ఇట్లు సర్దిన సామానును బండి కెక్కించుటకు పదిమంది యుందురు. దానిని చూచుచు కూర్చుండుటకు మాత్రము ఆమె యొక్కతెయే యుండును. రైలుస్టేషనులో ఆమె, సత్రములో ఆమె, గుడిమెట్లపై ఆమె. ఇంటికి కావలి కాయుచుండిన మనిషి యాత్రకు వచ్చి మూటలకు కావలి కాయుచున్నది. ఇందులో ఆమెకు దక్కిన యాత్ర యెంత?

ఈ మాట మనసులో నుంచుకొనియే మేము గడచిన చైత్రమాసమున మహానందికి పోవునప్పుడు ఒక నియమము చేసికొంటిమి. మేము నలుగురము స్త్రీలము. ప్రయాణము మూడు దినములు. మనిషికి ఒక్క సంచి. ఆ సంచి భుజమునకు తగిలించుకొన్నచో రెండు చేతులును ఖాళీగా నుండవలెను. బరువు 7 కిలోలు మించరాదు. ఈ యేడు కిలోల లెక్క మేము కల్పించినది కాదు. మన దేశములో విమానమున పోవువారికి వెంట నుంచుకొను చేతిసంచి కింత బరువే యని సాధారణముగా పరిమితి యున్నది. దుబాయివంటి ఎడారినగరములకు రెండు మూడు దినముల పనిమీద పోవువారు అట్టి యొక్క సంచితోనే పోయి వచ్చుచున్నారు. ఇప్పుడు మన సీమకును విమానము వచ్చినది. నంద్యాలకును కర్నూలునకును నడుమ ఓర్వకల్లువద్ద 2021 మార్చిలో విమానాశ్రయము తెఱచి, 1847లో కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేరు దానికి పెట్టినారు. మేము మాత్రము గుంటూరు మార్గమున, నల్లమల అడవిని దాటివచ్చు రైలులోనే వచ్చితిమి. వాహన మేదైనను లెక్క మంచిదే గదా యని విమానపు లెక్కను రైలుకు పెట్టుకొంటిమి.

మాలో పెద్దవారైన పిన్నిగారు మొదట ఒప్పుకొనలేదు. “రెండు చీరలతో మూడు దినములు గడచునటే అమ్మాయీ? ఎండలో చెమటకు తడిసిన చీర కట్టుకొని దేవుని యెదుట నిలుతుమా?” అని అడిగిరి. “ఆ యెండయే మనకు రెండవ జత నిచ్చునండి, పిన్నిగారూ!” అని చెప్పితిమి. అది వేళాకోళము కాదు. ఆ సీమ స్వభావమే యట్టిది.

నంద్యాల 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లా ముఖ్యపట్టణమైనది. తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల. ఈ రెండు కొండలవరుసల నడుమ కుందూనది పాఱు నల్లరేగడి మైదానమున ఈ పట్టణమున్నది. ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుట ఇచ్చట సామాన్యము. అయితే కోస్తాలోని ఎండవేడికిని ఈ వేడికిని భేదము కలదు. సముద్రతీరమున గాలిలో తేమ యుండుటచేత చెమట ఆఱదు, తడిపిన గుడ్డయు తొందరగా ఆఱదు. రాయలసీమ వేసవిగాలి పొడిగాలి. రాత్రి పడుకొనబోవునప్పుడు పిండి ఆఱవేసిన నూలుచీర తెల్లవాఱుసరికి ఫెళఫెళలాడుచుండును. కావున మూడు దినములకు మూడు జతలు మోయనక్కఱలేదు. కట్టుకొన్నది ఒకటి, సంచిలో రెండు, అంతే చాలును. వానకాలమున పోవువారు మాత్రము ఒక జత అధికముగా తీసికొనవలెను.

ఇక సంచిలో మేము పెట్టుకొన్నవి చెప్పెదము. సన్నని నూలుచీరలు రెండు. వానిలో ఒకటి ముదురురంగుది, గుండములో స్నానమున కుపయోగించునది. తడిసినను ఒంటి కంటుకొని పలుచగా కనబడనిది. రవికెలు, లోపావడాలు రెండేసి. దళసరి తువాలు బరువు, ఆఱుటకు ఆలస్యము; కనుక దాని బదులు సన్నని తుండుగుడ్డ. తడిగుడ్డలకు వేఱుగా ఒక చిన్న సంచి. నంద్యాలలో 1906 మొదలు వ్యవసాయపరిశోధన జరుగుచున్నది. అచ్చటి పైరులలో పత్తి ముఖ్యమైనది. అట్టి పత్తిసీమకు పట్టుచీర కట్టుకొనిపోయి చెమటతో పాడుచేసికొనుటకంటె నూలు కట్టుటయే మర్యాద. నగలవిషయమున మంగళసూత్రము, మట్టిగాజులు చాలునని నిశ్చయించుకొంటిమి. బంగారము మెడలో నున్నంతసేపు చూపు దేవునిపై నిలువదు.

నీటికి మరచెంబు. మూత బిగువుగా నుండి లీటరు నీరు పట్టునది మనిషి కొకటి. తినుటకు సజ్జరొట్టెలు, వేరుసెనగపొడి. ఎండగాల్చిన సజ్జరొట్టె రాయలసీమవారి దారిబత్తెము. దినముల తరబడి చెడదు. పులిహోర మొదటి పూటకే గాని, ఆ వేడిలో మఱునాటికి ఉంచరాదు. వీనితోపాటు మఱి యొక ముఖ్యమైన వస్తువు. ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి పొట్లములుగా కట్టుకొంటిమి. చెంచా చిన్నది, తలకట్టు లేకుండ చదునుగా కొలిచినది కావలెను. ఒక్కొక్క పొట్లము ఒక లీటరు మంచినీటిలో కలుపుకొని కొంచెము కొంచెముగా త్రాగినచో, చెమటవలనను విరేచనములవలనను పోయిన సత్తువ తిరిగివచ్చును. చక్కెరవ్యాధి, రక్తపుపోటు గలవారు వైద్యుని ముందుగా అడిగి వాడవలెను. ఎండలో నడచువారికి చెమట ఆగిపోయి, ఒళ్లు కాలిపోవుచు, మాట తడబడినచో అది వట్టి అలసట కాదు, వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు చల్లి, విసరుచు ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తెలివి తప్పినవారి నోట నీరు పోయరాదు.

చిన్నవస్తువులలో ఎవరి మందులు వారివి, మూడు దినములకు బదులు ఐదు దినములకు సరిపడునట్లు, దువ్వెన, సూదిదారము, నాలుగు పిన్నీసులు, బసకు చూపవలసిన గుర్తింపుకార్డు, సెల్‌ఫోను, దాని తీగ, చిన్న టార్చిలైటు. నెలసరికి కావలసినవి తేదీ రాకున్నను ఉంచుకొనవలెను. ప్రయాణపు అలసటలో తేదీలు తప్పుట స్త్రీల కందఱకు తెలిసినదే. కాలికి పట్టీలు గల చెప్పులు ఒక్క జత. అన్నియు సర్ది తక్కెడలో వేసి చూడగా, నీటితో కూడ 5 కిలోల దరిదాపున నున్నది. మిగిలిన రెండు కిలోల చోటు తిరుగుప్రయాణమునకు విడిచితిమి.

తీసికొనిపోనివానిని కూడ చెప్పవలెను. కొబ్బరికాయలు, పూలు, పసుపుకుంకుమలు గుడివద్దనే దొరకును, ఇంటినుండి మోయరాదు. పూర్వము మహానందికి ఎడ్లబండ్లపై పోవువారు పక్కచుట్టలు, వంటపాత్రలు, బియ్యము తీసికొనిపోయిరనిన, ఆ కాలమున అవి అవసరములు. ఇప్పుడు బసలో పరుపు దుప్పటి దొరకును, భోజనము దొరకును. అవసరము పోయినను అలవాటు పోలేదు. మూటలలో సగము మన అవసరములు కావు, మన పెద్దలనాటి అవసరములు.

నంద్యాలనుండి మహానందికి సుమారు 15 కిలోమీటర్లు. ఎండిన చేలు చూచుచు పోవుచుండగా కొండపాదము సమీపించుసరికి కన్నులకు నమ్మశక్యము కాని పచ్చదనము! అరటితోటలు దారి కిరుప్రక్కల నిలిచి, ఆకులు ఊపుచు ఎదురువచ్చును. దీనికి కారణము గుడిలోని నీరు. నల్లమలపై కురిసిన వాన రాతిపగుళ్లలో ఇంకి, కొండపాదమున ఊటలై వెలువడును. మహానందీశ్వరుని లింగము క్రిందనుండియే ఆ ఊట పుట్టుచున్నదని భక్తుల నమ్మకము. వేసవి యని తగ్గక, వాన యని పొంగక, ఏడాది పొడుగునను ఒకేతీరున ఆ నీరు వచ్చుచుండును. గుడిలోపలి రుద్రగుండమున నిండి, వెలుపలి బ్రహ్మగుండ విష్ణుగుండములకు పాఱి, తుదకు కాలువలై పొలములకు పోవును. దానివలన సుమారు 2,000 ఎకరములు పండునని చెప్పుదురు. లోతు ఐదడుగులున్నను అడుగున పడిన గుండుసూది కనబడునంతటి తేట నీరది. స్నానము చేయువారు సబ్బు, నూనె అందులో వాడరాదు. మన తరువాత దిగువారికిని, ఆవలి అరటిచెట్లకును ఆ నీరే ఆధారము.

గర్భాలయశిఖరము బాదామి చాళుక్యుల కాలపు రీతిది. దేవికి కామేశ్వరి యని పేరు. లింగము ఎత్తైనది కాదు. పై భాగమున అణగి యుండును. పుట్టపై పాలు విడుచుచుండిన ఆవు బెదరి వేసిన గిట్టగుర్తు అదియని కథ చెప్పుదురు. మహానంది చుట్టుప్రక్కలను నంద్యాలలోను కలిపి నవనందులు కలవు. కార్తీకమాసమున ఆ తొమ్మిదింటిని సూర్యోదయము మొదలు సూర్యాస్తమయములోగా ఒక్క దినమున దర్శించుట ఒక వ్రతము. ఆ వ్రతము పట్టదలచినవారు సామానునుగూర్చి మఱి మఱి ఆలోచింపవలెను. తొమ్మిది చోట్ల ఎక్కి దిగునప్పుడు తొమ్మిది సారులు మూటలు లెక్కపెట్టుకొను యాత్రలో, లెక్క మిగులును గాని దర్శనము మిగులదు.

మేము ఉదయముననే బ్రహ్మగుండమునకు చేరితిమి. సంచులు మెట్టుపై ఒకచోట పెట్టి, ఇద్దరము దిగగా ఇద్దరు గట్టున నుండిరి. ఆ ప్రక్కనే ఒక అవ్వ ఆరు మూటల నడుమ కూర్చుండి యుండెను. ఆమె కొడుకులు, కోడండ్రు, మనుమలు నీటిలో కేరింతలు కొట్టుచున్నారు. ఆమె చీరకుచ్చెళ్లు మాత్రము పొడిగా నున్నవి.

“అవ్వా, మీరు దిగలేదా?” అని అడిగితిమి.

“సామాన్లు ఎవురు జూస్తారు తల్లీ? పిల్లోళ్లు మునిగి రానీ, జూద్దాం.”

“వారు వచ్చిన తరువాత దిగుదురా?”

అవ్వ నవ్వినది. “వాళ్లు వచ్చేతలికి బస్సుకు యాళైతాది. ఇది మూడో తూరి నేను మానందికి వచ్చేది. మొదటి తూరి పెండ్లైన కొత్తలో మునిగినా. అప్పుడు సామాను ల్యా.”

ఆ మాటకు మాలో ఒక్కరికిని బదులు తోచలేదు. పిన్నిగారు లేచి, “నేను మునిగివచ్చితిని. మీ మూటలు నేను చూచెదను, అక్కా! దిగి రండు,” అని ఆమె చేయి పట్టుకొని లేపిరి. అవ్వ కొంత సంకోచించినది. తెలియనివారికి మూటలప్పగించుట ఎట్లని కాబోలు, చిన్న మనుమరాలిని పిలిచి పిన్నిగారి ప్రక్కన కూర్చుండబెట్టినది, అది న్యాయమే. పిమ్మట మెల్లగా మెట్లు దిగి, నడుములోతున నిలిచి, ముక్కు పట్టుకొని మూడు మునుగులు మునిగినది. నాలుగవమారు ముక్కు పట్టుకొనలేదు. చేతులు రెండును చాచి, నీటిపై అటునిటు కదలించుచు చాలసేపు నిలుచున్నది. ఆమె కోడలు చూచి, “అత్తా, నువ్వు మునిగితివా!” అని ఆశ్చర్యపడినది. ఆ యాశ్చర్యములో కోపము లేదు. ఇన్నేండ్లుగా తమ కెవరికిని ఆ తలంపు రాలేదను సిగ్గు మాత్రమే కనబడినది.

ఆ యింటివారు చెడ్డవారు కారు. అవ్వను ప్రేమతోనే తీసికొనివచ్చిరి. ఆమెను కట్టివేసినది మూటలు. ఆరు మూటలున్నచోట ఒక మనిషి కూర్చుండక తప్పదు. ఆ మనిషి ఎవరని ఎవరును అడుగరు. కూర్చుండు అలవాటున్నవారే కూర్చుందురు.

మధ్యాహ్నపు ఎండ బసలో గడపి, సాయంకాలము నంద్యాలకు తిరిగివచ్చి, మఱునాడు ఆళ్లగడ్డకు పోయితిమి. నంద్యాలకు దక్షిణముగా సుమారు 40 కిలోమీటర్లు. అచ్చటి శిల్పుల పనితనము ప్రసిద్ధము. ఉలిదెబ్బల చప్పుడు వినుచు ఆ పని చూచుట ఒక ముచ్చట. నల్లరాతిలో సగము బయటపడిన అమ్మవారి ముఖము, ఇంకను రాతిలోనే యున్న పాదములు! అచ్చట సంచికి పరీక్ష వచ్చును. చిన్న నందివిగ్రహము చేతనుంచుకొని చూచినను, అది మన రెండు కిలోల చోటును మించిపోవును. “పిడికిటిలో పట్టునది యైన సరి; పట్టనిది కన్నులతో తీసికొనిపోవలెను,” అని పిన్నిగారు తీర్పు చెప్పిరి. మేమందఱము కన్నులతోనే తీసికొనివచ్చితిమి.

ఆళ్లగడ్డనుండి సుమారు 25 కిలోమీటర్లు పోయినచో దిగువ అహోబిలము. అచ్చటికి ఎనిమిది కిలోమీటర్లలో ఎగువ అహోబిలము. వైష్ణవుల 108 దివ్యదేశములలో నిది యొకటి. తొమ్మిది నరసింహమూర్తులు అడవిలోను కొండలలోను వేఱువేఱుచోట్ల వెలసియున్నారు. వానిలో జ్వాలానరసింహుని సన్నిధికి పోవుటకు భవనాశిని వెంట రాళ్లపై నడచి, ఎక్కవలసినంత ఎక్కవలెను. ఒక చేత కఱ్ఱ, ఒక చేయి రాతిని పట్టుకొనుటకు. ఇట్లు రెండు చేతులును కావలెను. సంచులు బసలో నుంచి, మరచెంబు, రెండు రొట్టెలు, ఉప్పుచక్కెర పొట్లము మాత్రము చిన్న జోలెలో వేసికొని తెల్లవాఱుజామున బయలుదేరితిమి. జోలె మూతిని త్రాటితో బిగించితిమి. కోతులకు తెఱచిన సంచి పిలుపువంటిది. నల్లమల పులులున్న అడవి. చీకటి పడకముందే తిరిగి రావలెను. కాగితమైనను ప్లాస్టికైనను అచ్చట విడిచి రారాదు. పిన్నిగారు పై వఱకును రాలేదు. మోకాళ్లు ఒప్పుకొన్నంతదూరము వచ్చి, వాగు ఒడ్డున నీడలో కూర్చుండి, నీటిలో కాళ్లు పెట్టుకొని, “నేనిచ్చట మూటలు కాయుట లేదు, వాగును చూచుచున్నాను,” అనిరి. కూర్చుండుటలోను రెండు విధములు కలవని అప్పుడు తోచినది.

తిరుగుప్రయాణమున ఆ రెండు కిలోల చోటులో మహానంది అరటిపండ్లు వచ్చినవి. ఇంటిలోనివారికి ప్రసాదమును అదే, కానుకయు అదే.

కుటుంబముతో పోవు సోదరీమణులు “నలుగురు స్త్రీలకు సాగినది సంసారికి సాగునా?” అని అడుగవచ్చును. సాగుటకు ఒక్క మార్పు చాలును: ఎవరి సంచి వారిదే. భర్తగారి సంచిని భర్తగారు సర్దుకొనవలెను. ఏమి మఱచినను అది ఆయన మఱపే గాని ఇల్లాలి లోపము కాదు. పదేండ్లు దాటిన పిల్లలకు వారి వారి బట్టలు, నీళ్లు వారి వీపుననే యుండవలెను. చంటిపిల్ల యున్నయెడల ఆ పిల్లకొక సంచి వేఱుగా కావలెను. అది పూట కొకరు మోయవలెను, తల్లి యొక్కతెయే కాదు. వృద్ధులకు సంచి యక్కఱలేదు. వారి బట్టలు, మందులు పడుచువారు పంచుకొనవలెను. స్నానమునకు దిగునప్పుడు సగముమంది దిగి సగముమంది గట్టున నుండి, పిదప మారవలెను. గట్టున మొదట కూర్చుండువారిలో పురుషు లొక్కరైన నుండవలెను. ఇది పెద్ద సంస్కారమేమియు కాదు, చిన్న యేర్పాటు. కాని దీనివలన ఎందఱో తల్లులకు తీర్థస్నానము దక్కును.

సామాను తగ్గించుట కొందఱు పొదుపని, కొందఱు నాగరికమని తలంతురు. మాకు తోచినది వేఱు. ప్రయాణమున పెంచుకొను ప్రతి మూటకును ఇంటిలో నొకరు వెల చెల్లింపుచున్నారు. ఆ వెల రూపాయలలో కాక, చూడని కొండలుగను, మునుగని గుండములుగను లెక్కింపవలసియున్నది. కావున ఈ వేసవిలో బయలుదేరు సోదరీమణులు సంచి కట్టుటకు ముందు “ఏమేమి కావలెను?” అని మాత్రమే గాక, “దీనిని ఎవరు కాయవలెను?” అనియు నొక్కసారి అడిగి చూడుడు. ఆ ప్రశ్నకు జవాబు మీ పేరే యైనచో, ఆ మూటను ఇంటనే విడిచిపెట్టుడు.